అలర్జీకి, ఉబ్బసానికి టీకా: దక్షిణ ఒడిశా తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. చీటీ బరంపురంలో రాయిస్తారు, సీసా విశాఖ నుంచి తెస్తారు, సలహా పక్కింటివారు ఇస్తారు. ఈ మధ్యలో ఏది టీకా, ఏది మందు అన్నది కలగాపులగం అవుతోంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాం.

## మొదటి సందేహాలు

అలర్జీ రాకుండా ముందే వేసే టీకా వచ్చేసిందా?

రాలేదు. పోలియో, తట్టు టీకాల మాదిరిగా ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు వేసి, ఇక అలర్జీ రాకుండా చూసే టీకాకు ఇంకా ఏ దేశమూ అనుమతి ఇవ్వలేదు. ఆసుపత్రుల్లో "అలర్జీ వ్యాక్సిన్" పేరుతో ఇస్తున్నది అలర్జీ ఇప్పటికే ఉన్నవారికి చేసే చికిత్స. ఒంటికి ఏది పడదో దాన్నే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి, నెలల తరబడి పెంచుతూ అలవాటు చేస్తారు. దీని అసలు పేరు అలర్జెన్ ఇమ్యునోథెరపీ. ఒక్క సూదితో జన్మలో ఆయాసం రాదని ఎవరైనా చెబితే, ఆ సూదిలో ఏముందో చీటీ మీద రాసిమ్మని అడగండి. చాలాసార్లు అది కొన్ని వారాలు పనిచేసే స్టెరాయిడ్ అయి ఉంటుంది.

అలర్జీ ఉందంటే రోగనిరోధక శక్తి తక్కువనే కదా? దాన్ని పెంచే టీకా వేస్తే సరిపోదా?

శక్తి తక్కువై కాదు, గురి తప్పి వచ్చే జబ్బు ఇది. ప్రమాదం లేని పుప్పొడినో, దుమ్ములోని పురుగు రెట్టలనో శరీరం శత్రువుగా లెక్కగట్టి ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల ఒంటికి అంటుకుని కాచుకుని ఉంటాయి. అదే పదార్థం మళ్లీ లోపలికి రాగానే ఆ కణాలు తమలో దాచిన హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. ముక్కులో అయితే తుమ్ములు, ఊపిరితిత్తుల్లో అయితే పిల్లికూతలు. ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-5 అనే సంకేతాలు ఈ మంటను ఆరనివ్వకుండా ఉంచుతాయి. అందువల్ల మామూలు టీకా దాడిని నేర్పిస్తే, అలర్జీ టీకా ఓర్పును నేర్పాలి. చికిత్స సరిగ్గా సాగితే ఐజీజీ4 అనే అడ్డుకునే యాంటీబాడీలు పెరుగుతాయి, మంటను అణిచే టీ కణాలూ పెరుగుతాయి. బలం టానిక్కులతో ఈ పని జరగదు.

ఈ ఇంజెక్షన్లు కొత్తగా వచ్చినవా? మా మీద ప్రయోగం చేస్తున్నారా?

వందేళ్లు దాటిన చికిత్స ఇది. లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ 1911లో గడ్డి పుప్పొడి సారాన్ని సూదితో ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. పుప్పొడిలో విషం ఉందనీ, దానికి విరుగుడు పుట్టిస్తున్నాననీ ఆయన అనుకున్నాడు. ఆ ఊహ తప్పు, చికిత్స మాత్రం పనిచేసింది. 1913లో ఆయన క్షయతో పోయాక సహచరుడు జాన్ ఫ్రీమన్ పని కొనసాగించాడు. అలర్జీకి మూలమైన ఐజీఈని ఇషిజాకా దంపతులు కనిపెట్టింది 1966లో. అంటే చికిత్స ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే అర్ధశతాబ్దం పైగా వైద్యులు వాడారు.

బీసీజీ వేయించాం కదా, అది అలర్జీని ఆపదా? లేక ఆ టీకాల వల్లే అలర్జీలు వస్తున్నాయా?

రెండూ కావు. పుట్టగానే వేసే బీసీజీ అలర్జీని కూడా ఆపుతుందేమోనని డెన్మార్క్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ పసిపిల్లల మీద పెద్ద అధ్యయనాలు చేశారు. పిల్లలందరికీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ రక్షణ కనపడలేదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిదో నెల తట్టు టీకా అలర్జీని తెస్తాయనడానికీ ఆధారం లేదు. ఉబ్బసం ఉన్న బిడ్డకు తట్టో కోరింత దగ్గో వస్తే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి, కాబట్టి ఆ టీకాలు ఒక్కటీ మానవద్దు.

రైస్ మిల్లు దుమ్ముకి మా వీధంతా దగ్గుతోంది. అందరికీ అలర్జీ టీకా కావాలా?

అక్కర్లేదు. ఊక దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, మిరపకాయలు దంచే ఘాటు, ఫ్యాక్టరీ పొగ ఎవరి గొంతునైనా గీరతాయి. అది రాపిడి. అలర్జీ అయితే పదిమందిలో ఒకరిద్దరికే వస్తుంది, అదే పదార్థం తగిలిన ప్రతిసారీ వస్తుంది, కళ్లు ముక్కు దురద పెడతాయి, తుమ్ములు వరసగా వస్తాయి. రాపిడికి ఇమ్యునోథెరపీ పనిచేయదు. పొయ్యి మార్చడం, పని దగ్గర మాస్కు, గాలి ఆడేలా చూడటం, ఇవే దానికి మందు. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం పొగ కూడా ఆయాసం రేపుతుంది. అప్పుడు రెండు వైపుల నుంచీ చూసుకోవాలి.

## ప్రయోగశాలలో ఏం జరుగుతోంది

కరోనా టీకా ఏడాదిలో తెచ్చారు. అలర్జీకి ఇన్నేళ్లా?

కరోనాకు శత్రువు ఒక్కటే, కావలసింది గట్టి దాడి. అలర్జీలో లక్ష్యాలు వందల్లో ఉంటాయి, ఒక్క దుమ్ము పురుగులోనే పదుల రకాల ప్రోటీన్లు ఐజీఈని రేపుతాయి. ఏ బిడ్డకు రేపు ఏది పడకుండా పోతుందో ముందే చెప్పలేం. పైగా పరీక్షించేది ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మీద. ఇచ్చిన టీకాయే కొత్త అలర్జీ పుట్టిస్తే ఎవరూ క్షమించరు, అందుకని రక్షణ నియమాలు చాలా బిగువుగా ఉంటాయి. ఫలితం తెలియాలంటే ఆ పిల్లలకు ఐదారేళ్లు వచ్చేదాకా ఆగాలి, ఎందుకంటే అంతకుముందు వచ్చే పిల్లికూతల్లో చాలావరకు వైరస్ జలుబులవే. ఈ చిక్కుల్లో చివరిదే మాకు అన్నిటికంటే కష్టంగా కనిపిస్తుంది. డబ్బు పోస్తే ప్రోటీన్లు తయారవుతాయి గానీ బిడ్డ వయసు ముందుకు జరగదు.

కొత్త టీకాలు ఏ పద్ధతుల్లో తయారు చేస్తున్నారు?

ప్రధానంగా నాలుగు దారులు.

ఒకటి, పడని ప్రోటీన్‌ను మార్చి, ఐజీఈ గుర్తుపట్టలేని ముక్కలుగా ఇవ్వడం. వియన్నాలో తయారైన బీఎం32 ఇలాంటిది. గడ్డి పుప్పొడి ముక్కలను హెపటైటిస్-బి వైరస్ తాలూకు ప్రోటీన్‌కు అతికించారు. ముక్కలు అలర్జీ రేపవు, అతికించిన భాగం అడ్డుకునే యాంటీబాడీలను పుట్టిస్తుంది.

రెండోది, లోపల జన్యుపదార్థం లేని వైరస్ గుల్ల మీద పడని ప్రోటీన్‌ను వరసగా పేర్చడం. దోస జాతి మొక్కలకు తెగులు తెచ్చే మొజాయిక్ వైరస్ గుల్ల మీద వేరుశనగలోని ప్రధాన ప్రోటీన్‌ను పేర్చిన టీకా మనుషుల మీద తొలి దశ పరీక్షలకు చేరింది. ప్రోటీన్ అలా దగ్గరదగ్గరగా కనిపిస్తే శరీరం ఐజీజీని జోరుగా చేస్తుంది, మాస్ట్ కణాలు మాత్రం అంత సులువుగా రేగవు.

మూడోది ఎంఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్‌ను శరీరమే చేసుకునేలా దాని తయారీ సూచనను పంపడం. వేరుశనగకూ, దుమ్ము పురుగులకూ చిట్టెలుకల్లో మంచి ఫలితాలు వచ్చాయి.

నాలుగోది పడని పదార్థం జోలికే పోదు. ఐఎల్-4, ఐఎల్-13 సంకేతాలనే అడ్డుకునే యాంటీబాడీలను శరీరమే చేసుకునేలా నేర్పుతుంది. పారిస్ పాశ్చర్ సంస్థ వారు 2021లో చిట్టెలుకల్లో ఇలా ఉబ్బసాన్ని అదుపు చేశారు. ఏది పడదో తెలియకపోయినా పనికొచ్చే దారి ఇదొక్కటే. అయితే ఆ సంకేతాలు నులిపురుగులను తరమడానికి కూడా కావాలి. వాటిని ఏళ్ల తరబడి మూసేస్తే ఏమవుతుందన్న ప్రశ్న, నులిపురుగులు ఇంకా ఉన్న మన ప్రాంతాలకు యూరప్ కంటే ముఖ్యం.

ఎలుకల్లో విజయం అని పేపర్లో వచ్చింది. మనకు ఎప్పుడొస్తుంది?

ఆ వార్త చూసి తేదీ లెక్కపెట్టకండి. చిట్టెలుకకు ఉబ్బసం దానంతట రాదు, గుడ్డు ప్రోటీనో పురుగు సారమో ఇచ్చి కొన్ని వారాల్లో తెప్పిస్తారు. మనిషిలో అది ఏళ్ల తరబడి ముదురుతుంది, శ్వాసనాళాల గోడలు దళసరి అవుతాయి. ఎలుక తర్వాత మనుషుల్లో భద్రత కోసం ఒక దశ, మోతాదు కోసం ఒకటి, వందలు వేల మందితో మరొకటి ఉంటాయి. వార్తలో "మూడో దశ" అన్న మాట ఉందో లేదో ముందు చూడండి.

పెద్ద కంపెనీల టీకాలే పరీక్షల్లో ఓడిపోయాయట. ఎందుకు?

2016లో పిల్లి అలర్జీకి తయారైన క్యాట్-ప్యాడ్ అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్కల) టీకా మూడో దశలో విఫలమైంది. మందు తీసుకున్నవారు మెరుగయ్యారు, ఉత్తి సూది, అంటే మందు లేని సూది వేయించుకున్నవారూ దాదాపు అంతే మెరుగయ్యారు. తుమ్ములు, దురద రోగి చెప్పే మాట మీదే లెక్కిస్తారు కాబట్టి నమ్మకం ప్రభావం ఇక్కడ చాలా ఎక్కువ. 2014లో క్యూబీజీ10 అనే వైరస్ గుల్ల మందు కూడా ఉబ్బసంలో అలాగే ఆగిపోయింది. అందులో పాల్గొన్నవారు ఇన్హేలర్ సరిగ్గా పీలుస్తుంటే వారికి లక్షణాలే తగ్గిపోతాయి, కొత్త మందు చూపించాల్సిన తేడాకు చోటు మిగలదు. పుప్పొడి మీద చేసే పరీక్షలకు ఇంకో చిక్కు ఉంది. ఆ ఏడాది పూత తక్కువైతే అంతా వృథా.

మనిషికి బదులు పిల్లికి టీకా వేస్తున్నారన్నది నిజమేనా?

నిజమే, స్విట్జర్లాండ్‌లో. పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉండే ఫెల్ డీ 1 ప్రోటీన్ మీద పిల్లికే యాంటీబాడీలు పుట్టించే టీకా 2019లో ప్రకటించారు. పిల్లి వదిలే ఆ ప్రోటీన్ తగ్గింది. పాల కోసం ఆవు, ఎలుకల కోసం పిల్లి ఉండే మన ఇళ్లకు ఇది ఎంత అవసరమో చెప్పలేం గానీ, ఆలోచన మాత్రం తెలివైనది.

ఇలాంటి పరీక్షలో మా వాళ్లని చేర్చుకుంటామంటున్నారు. ఏం అడగాలి?

మొదట సీటీఆర్ఐ నమోదు సంఖ్య. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ఏ క్లినికల్ ట్రయల్ అయినా, మొదటి మనిషిని చేర్చుకునే ముందే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. తర్వాత నీతి సంఘం అనుమతి, అంటే ఎథిక్స్ కమిటీ పత్రం. ఒప్పుదల పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఒడియా చదవలేకపోతే తెలుగులో అడగడం మీ హక్కు, తీసుకోండి, ఇంటికి తెచ్చి చదవండి. 2019 నియమాల ప్రకారం పరీక్ష వల్ల జరిగిన హానికి ఉచిత వైద్యమూ పరిహారమూ ఉన్నాయి. మీ దగ్గర డబ్బు అడిగితే అది ట్రయల్ కాదు, బేరం.

## పరీక్షల దశ

చర్మ పరీక్షకు వెళ్లే ముందు ఏ మాత్రలు ఆపాలి?

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ ఒక వారం ముందు ఆపాలి. జలుబు మాత్ర పేరు వేరైనా లోపల ఇవే ఉంటాయి కాబట్టి అట్ట వెనక చదవండి. నిద్రకో నొప్పికో వాడే అమిట్రిప్టిలిన్ కూడా పరీక్షను చెడగొడుతుంది, దాన్ని మాత్రం ఇచ్చిన డాక్టరును అడగకుండా ఆపవద్దు. ఉబ్బసం ఇన్హేలర్లు, మాంటెలుకాస్ట్, ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆపనక్కర్లేదు. ముంజేతి మీద చుక్కలు రెండేసి సెంటీమీటర్ల ఎడంలో పెట్టి చిన్న మొనతో గుచ్చి, 15 నుంచి 20 నిమిషాల్లో చూస్తారు. ఉత్తి ద్రవం పెట్టిన చోటి కంటే దద్దురు 3 మిల్లీమీటర్లు పెద్దగా ఉంటే పాజిటివ్. పోల్చి చూడటానికి పెట్టే హిస్టమిన్ చుక్క దగ్గర దద్దురే లేకపోతే మీ ఒంట్లో మాత్ర ఇంకా ఉన్నట్టే, ఆ రోజు పరీక్ష చెల్లదు.

రక్తంలో ఐజీఈ 1200 వచ్చింది. టీకా వేయించుకోవాలా?

ఆ అంకె ఒక్కదానితో కాదు. మొత్తం ఐజీఈ నులిపురుగులున్నా పెరుగుతుంది. ఒడిశా తీరంలో బోదకాలు పురుగు ఇంకో కారణం. దానివల్ల రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు 3000 దాటడం, అచ్చం ఉబ్బసంలా కనిపించే జబ్బు ఒకటి వస్తుంది. దీన్ని ట్రాపికల్ ఇయోసినోఫీలియా అంటారు. దానికి మందు మూడు వారాల డైఈథైల్‌కార్బమజైన్, అలర్జీ సూదులు కావు. అందుకే ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే ముందు ఇయోసినోఫిల్ లెక్క, ఏ పదార్థానికి ఐజీఈ ఉందో చూపే విడి పరీక్ష, ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ ఉండాలి. బరంపురం, కోరాపుట్ వైద్య కళాశాలల ఛాతీ విభాగంలో ముందు అడిగి చూడండి, అన్నిటికీ విశాఖ పరుగెత్తకముందే.

అరవై రకాలు పరీక్షించి ఇరవైకి పాజిటివ్ అన్నారు. అన్నీ ఒకే సీసాలో కలిపి ఇస్తారట.

ఇక్కడ ఆగి అడగాలి. పాజిటివ్ అంటే ఐజీఈ ఉందని మాత్రమే, జబ్బుకు అదే కారణమని కాదు. ఏది తగిలినప్పుడు లక్షణం వస్తోందో, ఆ పేరు జాబితాలో ఉందో లేదో కలిపి చూడాలి. ఇరవై కలిపితే ఒక్కొక్కటి ఇరవయ్యో వంతుకు పలచబడి పనికొచ్చే మోతాదుకు చేరదు. పనిచేసే మోతాదు అంటే ఒక్కో సూదిలో ప్రధాన ప్రోటీన్ సుమారు 5 నుంచి 20 మైక్రోగ్రాములు. పైగా బూజు, బొద్దింక సారాల్లో ప్రోటీన్‌ను కోసే ఎంజైములుంటాయి, ఒకే సీసాలో ఉంచితే పుప్పొడి సారాన్ని అవే తినేస్తాయి. మన దేశంలో చాలా సీసాల మీద 1:50, 1:500 లాంటి బరువు నిష్పత్తే ఉంటుంది, లోపల ప్రధాన ప్రోటీన్ ఎంతో ఉండదు. రెండు కంపెనీల 1:50 సీసాలు ఒకే బలంతో ఉంటాయనుకోవద్దు. మధ్యలో కంపెనీ మారితే మోతాదు తగ్గించి మళ్లీ ఎక్కించాలి.

మన వైపు ఎక్కువగా పడనివి ఏవి?

ఇంటి దుమ్ములోని కంటికి కనపడని పురుగులు ముందు. గాలిలో తేమ ఎక్కువైతే ఇవి బతికిపోతాయి. గోపాల్‌పూర్, ఛత్రపురం తీరంలో తేమ ఏడాది పొడుగునా ఉంటుంది. ఉష్ణ ప్రాంతాల్లో బ్లోమియా అనే రకం కూడా ముఖ్యం. పరీక్ష జాబితాలో డెర్మటోఫాగాయిడ్స్ అనే దుమ్ము పురుగు రకం మాత్రమే ఉంటే బ్లోమియా గురించి అడగండి. తర్వాత బొద్దింకలు, వానాకాలం గోడ బూజు, కోరాపుట్ కొండల మీద ఇది ఎక్కువే. తీరంలో సరుగుడు తోటల పుప్పొడి, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ కూడా. జీడిపిక్కలు ఒలిచేవారి చేతులు పొక్కడం మాత్రం వేరే సంగతి. తొక్కలోని నూనెకు చర్మం చూపే ప్రతిచర్య అది, ఐజీఈ టీకా దానికి పనిచేయదు.

## సూదులు మొదలయ్యాక

ఎన్ని సూదులు, ఎన్నాళ్లు?

మొదట ప్రతి వారం. అతి పలచని సీసాతో 0.1 మిల్లీలీటరు దగ్గర మొదలై, 0.2, 0.3 అంటూ పెరిగి, తర్వాతి బలమైన సీసాకు మారుతుంది. ఈ ఎక్కించే దశ మూడు నుంచి ఆరు నెలలు. ఆ తర్వాత అదే పూర్తి మోతాదు నాలుగు వారాలకొకటి, మొత్తం మూడు నుంచి ఐదేళ్లు. మూడేళ్లకు ముందే ఆపినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. పూర్తి మోతాదుకు చేరి ఏడాదైనా ఏ మార్పూ లేకపోతే సాగదీయడంలో అర్థం లేదు, పరీక్ష మళ్లీ చూడమనండి.

సూది వేశాక అరగంట కూర్చోమంటారు. గుణుపురం బస్సు పోతుంది, ముందే వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. ప్రాణం మీదికొచ్చే ప్రతిచర్యల్లో ఎక్కువ భాగం మొదటి 30 నిమిషాల్లోనే మొదలవుతాయి. అరచేతుల్లో దురద, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగదీయడం, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే తొడ బయటి కండలోకి అడ్రినలిన్ వెయ్యాలి. 1:1000 ద్రవం పెద్దవారికి 0.5 మిల్లీలీటరు, పిల్లలకు కిలో బరువుకు 0.01 చొప్పున, 0.3 దాటకుండా. ఏవిల్, స్టెరాయిడ్ సూదులు తర్వాతివి, అవి అడ్రినలిన్‌కు బదులు కావు. సూది చోట రూపాయి బిళ్లంత వాపు ఒక రోజు ఉండటం మామూలే. ఆ రోజు బరువు పనులు, పరుగులు వద్దు, ఒళ్లు వేడెక్కితే మందు రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది.

సీసా చేతికిచ్చి ఊళ్లో వేయించుకోమన్నారు. మా ఆర్‌ఎంపీ గారు వేస్తానంటున్నారు.

అడ్రినలిన్, ఆక్సిజన్, రక్తనాళంలోకి ద్రవం ఎక్కించే ఏర్పాటు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు ఉన్నచోటే వేయించుకోండి. పీహెచ్‌సీలో డాక్టరు ఒప్పుకుంటే అది మేలు. ప్రతిసారీ సూది వేసే ముందు ఈ వారం ఆయాసం వచ్చిందా, జ్వరం ఉందా, క్రితం సూదికి ఏమైంది అని అడగాలి. ఊదే గొట్టంతో పీక్ ఫ్లో, అంటే ఊపిరి వదిలే వేగం చూడాలి. ఉబ్బసం అదుపులో లేని రోజు సూది వేయకూడదు. ఈ చికిత్సలో జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం అలాంటి రోగులవే.

సీసాను విశాఖ నుంచి రాయగడ ఎలా తేవాలి? కరెంటు పోతే?

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాకులు పెట్టి, సీసాను గుడ్డలో చుట్టి, ఐసుకు నేరుగా తగలకుండా ఉంచండి. నాలుగైదు గంటల రైలుకు ఇది చాలు. ఇంట్లో ఫ్రిజ్ తలుపులో కాదు, మధ్య అరలో పెట్టాలి, ఫ్రీజర్ గూటికి ఆనుకుని అసలే వద్దు. రెండు మూడు గంటలు కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకండి, నష్టం లేదు. పలచని సీసాలు త్వరగా బలం కోల్పోతాయి. అల్యూమినియం కలిపిన సీసా ఒకసారి గడ్డకడితే, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే.

పండక్కి ఊరెళ్లి రెండు సూదులు తప్పాయి. తర్వాత ఎంత వేయాలి?

తప్పిన వాటిని కలిపి ఎప్పుడూ వేయకూడదు. వారం వారం ఎక్కించే దశలో రెండు వారాలు దాటితే మోతాదు పెంచరు, వెనక్కి దిగుతారు. నెలకొకటి దశలో ఎనిమిది వారాలు దాటితే తగ్గించి మళ్లీ ఎక్కిస్తారు. ఎంత తగ్గించాలో సీసా ఇచ్చిన డాక్టరు చార్టులో రాసి ఉండాలి. లేకపోతే ఫోన్ చేసి రాయించుకుని, అప్పుడే వేయించండి.

నాలుక కింద పెట్టే మాత్ర, చుక్కలు సూదితో సమానమా?

మంచి మాత్రలకు ఆధారాలు బలంగా ఉన్నాయి. దుమ్ము పురుగుల మాత్ర మీద 834 మంది పెద్దవారితో జరిగిన పరీక్ష 2016లో వెలువడింది. స్టెరాయిడ్ ఇన్హేలర్ తగ్గిస్తున్నప్పుడు మాత్ర వాడినవారిలో ఉబ్బసం దాడులు తగ్గాయి. అమెరికాలో ఆ మాత్రకు 2017లో అనుమతి వచ్చింది. మొదటి మాత్ర డాక్టరు ముందు వేసుకోవాలి, మిగిలినవి ఇంట్లోనే. ఒక నిమిషం మింగకూడదు, ఐదు నిమిషాలు ఏమీ తినకూడదు. నోటి దురద మొదటి వారాల్లో మామూలే. నోట్లో పుండు, పన్ను తీయించుకోవడం ఉంటే మానిపోయే వరకు ఆపాలి. చుక్కల సీసాల సంగతి వేరు, మన దేశంలో దొరికే వాటి బలం కంపెనీని బట్టి మారిపోతుంది. మాత్ర మీద వచ్చిన ఫలితాలు చూపించి చుక్కలు అమ్మడం సరికాదు.

సూదులు మొదలయ్యాయి, ఇన్హేలర్ ఆపేయొచ్చా?

ఆపకండి. ఇమ్యునోథెరపీ ప్రభావం నెలల మీద తెలుస్తుంది, ఇన్హేలర్‌లోని బుడెసొనైడ్ లాంటి మందు ఈ రోజు శ్వాసనాళాల మంటను అణిచిపెడుతోంది. తగ్గించడం కూడా మూడు నెలలు నిలకడగా ఉన్నాక, డాక్టరు చూసి మెట్టు మెట్టుగా చేయాలి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్హేలర్ వారంలో మూడు సార్లు కావలసి వస్తే అది అదుపు తప్పుతున్న గుర్తు.

మా అత్తగారు బీపీ మాత్ర వేసుకుంటారు, మా చెల్లి గర్భిణి. వీళ్లకు సూదులు ఇవ్వొచ్చా?

బీపీ మాత్ర అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ అయితే, ప్రమాదం వచ్చినప్పుడు అడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. మాత్ర మార్చడం కుదురుతుందా అని గుండె డాక్టరును అడగాలి. గర్భం సమయంలో కొత్తగా మొదలుపెట్టరు. ముందే పూర్తి మోతాదులో ఉండి ఇబ్బంది లేకపోతే పెంచకుండా కొనసాగించొచ్చు.

ఒమాలిజుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ రాశారు. అది టీకాయేనా?

కాదు. అది బయట తయారైన యాంటీబాడీ, మీ రక్తంలోని ఐజీఈని పట్టుకుని కట్టేస్తుంది. రెండు లేదా నాలుగు వారాలకొకసారి వేయాలి, ఆపితే ప్రభావం పోతుంది. అమెరికాలో 2003లో ఉబ్బసానికి, 2024లో ఆహార అలర్జీకి అనుమతి ఇచ్చారు. తీవ్రమైన అలర్జీ ఉబ్బసంలో ప్రాణం నిలబెట్టిన మందు, కానీ శరీరానికి ఏమీ నేర్పదు.

మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో చేప మందు తీసుకుంటే ఈ సూదులు అక్కర్లేదా?

చేప మందు ఐజీఈని గానీ టీ కణాలను గానీ మారుస్తుందని చూపిన నియంత్రిత అధ్యయనం లేదు. వెళ్లడం మానడం మీ నమ్మకం. వెళ్లేవాళ్లు ఇన్హేలర్ జేబులో ఉంచుకోండి, రోజువారీ మందు ఆపకండి. జూన్ రద్దీలో, దుమ్ములో గంటల తరబడి నిలబడితే దాడి వచ్చే అవకాశం ఎక్కువ. చేప పడనివారు అసలు ఆలోచించకూడదు.

## పిల్లలు, ఇల్లు, ఖర్చు

పెద్దవాడికి ఉబ్బసం. పుట్టబోయే బిడ్డకు రాకుండా ఏదైనా చేయగలమా?

నిరూపణ అయిన టీకా లేదు, దగ్గర దగ్గరగా వచ్చినవి ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఏడాది లోపు బిడ్డలకు దుమ్ము పురుగు చుక్కలు నోట్లో వేసి చూశారు. 111 మంది పిల్లల ఈ చిన్న అధ్యయనం 2015లో వచ్చింది. మొత్తం మీద కొత్త అలర్జీ గుర్తులు తగ్గాయి, విచిత్రంగా దుమ్ము పురుగుకు మాత్రం తేడా రాలేదు. యూరప్‌లో పుప్పొడి జలుబు ఉన్న పిల్లలకు మూడేళ్లు సూదులు వేసి పదేళ్ల తర్వాత చూస్తే, వేయించుకున్న 64 మందిలో 16 మందికి, వేయించుకోని 53 మందిలో 24 మందికి ఉబ్బసం వచ్చింది. అందులో ఉత్తి సూది గుంపు లేదు. 812 మంది పిల్లలతో ఉత్తి మాత్ర పెట్టి చేసిన పెద్ద పరీక్ష 2018లో వచ్చింది. ఉబ్బసం మొదలవడాన్ని అడ్డుకుందని తేలలేదు గానీ, పిల్లికూతలూ మందుల వాడకమూ తగ్గాయి.

గట్టిగా చెప్పగలిగింది వేరుశనగ సంగతి. 2015లో వెలువడిన అధ్యయనంలో 4 నుంచి 11 నెలల బిడ్డలు 640 మంది. ముందు నుంచే తినిపించిన గుంపులో ఐదేళ్లకు వేరుశనగ అలర్జీ బాగా తగ్గింది. ఆరు నెలల తర్వాత పలచటి ముద్దగా, ఉగ్గులో కలిపి పెట్టొచ్చు. పలుకులు ఐదేళ్ల లోపు పెట్టకండి, గొంతులో అడ్డుపడతాయి. ఒళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా (దురద పెట్టే అలర్జీ చర్మవ్యాధి) ఉన్న బిడ్డను ముందు డాక్టరుకు చూపించాలి.

ఆవుల కొట్టం పక్కన పెరిగితే అలర్జీ రాదంటారు. నిజమా?

కొంత నిజం. అమెరికాలో ఇంటి పక్కనే పశువులను పెంచే అమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, యంత్రాలతో దూరంగా సేద్యం చేసే హట్టరైట్ పిల్లల్లో 21.3 శాతం అని 2016 అధ్యయనం చెప్పింది. రెండు జాతుల మూలాలూ దాదాపు ఒకటే. కొట్టం దుమ్ములోని సూక్ష్మజీవుల భాగాలను మందుగా మార్చే పని సాగుతోంది. ఆయాసం ఇప్పటికే ఉన్న బిడ్డను కొట్టంలో పడుకోబెట్టడం దీనర్థం కాదు. ముక్కిన గడ్డి బూజు వాళ్లకు నేరుగా హాని.

ఇంట్లో దుమ్ము పురుగులను తగ్గించడానికి ఏం చేయాలి?

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే పురుగులు చస్తాయి, చన్నీళ్లలో ఉతికినా వాటి రెట్టల ప్రోటీన్ చాలావరకు కొట్టుకుపోతుంది. బొంతలు, దూది పరుపులు ఎండలో వేయడం తేమను తీస్తుంది, కానీ చచ్చిన పురుగు కూడా అలర్జీ రేపుతుంది కాబట్టి ఎండబెట్టాక ఆరుబయట దులపాలి. దులిపేవారు ఆ రోగి కాకూడదు. చీపురు బదులు తడి గుడ్డ మేలు. వానల్లో గది తేమ 50 శాతం లోపుకు తేవడం తీరంలో అసాధ్యం, దాని కోసం డబ్బు పోయకండి, పరుపుకు దగ్గరగా నేసిన తొడుగు కొనండి.

ఒడిశా కార్డుతో ఈ సూదులు ఉచితంగా వస్తాయా? ఆంధ్ర కార్డు చెల్లుతుందా?

ఒడిశా రేషన్ కార్డు ఉన్నవారికి ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు, శ్రీకాకుళం, విశాఖల్లో చుట్టాలున్నా సరే. ఇలాంటి పథకాలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరిన చికిత్సకు ఉద్దేశించినవి, వారం వారం ఓపీలో వేసే సూదులు సాధారణంగా రావు. మొదలుపెట్టే ముందే సీసా ధర, ఎన్ని నెలలకొకటి కావాలి, ప్రతి సూదికి ఫీజు, దారి ఖర్చు మూడేళ్లకు లెక్క వేయించి కాగితం మీద తీసుకోండి. మధ్యలో ఆపేస్తే ఎక్కించిన దశ ఖర్చు అంతా పోతుంది. అంత కుదరదనుకుంటే స్టెరాయిడ్ ఇన్హేలర్‌ను స్పేసర్‌తో (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టంతో) సరిగ్గా వాడటం మీద ఆ డబ్బు పెట్టండి, ఉబ్బసంలో దానివల్ల వచ్చే లాభం ముందే నిరూపితమైంది.